పెద్ద దవాఖానకు పొమ్మన్నప్పుడు: పల్లె రోగి నమ్మకం, ఇంటి డాక్టరు బాధ్యత

(స్మారకోపన్యాస పాఠం)



మనం ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూడామో ఆయన్ను ఈ ప్రాంతంలో పేరుతో పిలిచినవారు తక్కువ. శంషాబాద్ బస్టాండు చుట్టుపక్కల ‘డాక్టర్ సాబ్’ అంటే ఆయనే. అచ్చులో కూడా అలాగే ఉండనివ్వమని కుటుంబం కోరింది కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. ఎంబీబీఎస్ చదివి, పట్నంలో స్థిరపడే వీలుండీ ఇక్కడే రెండు గదుల క్లినిక్‌లో జీవితం గడిపారు. జ్వరాలు, విరేచనాలు, బీపీ, షుగర్, పిల్లల దగ్గులు, ముసలివాళ్ల ఆయాసాలు ఆయన రోజువారీ పని. తన చేతిలో ఉన్న వైద్యం ఏమిటో ఎంత బాగా తెలుసో, తన చేతిలో లేనిది ఏమిటో కూడా ఆయనకు అంత బాగా తెలుసు. మంచి ఇంటి డాక్టరుకు ఉండవలసిన మొదటి గుణం అదేనని నేను నమ్ముతాను.

అందుకే ఈ ఉపన్యాసానికి విషయం ఎంచుకోమన్నప్పుడు నేను పెద్దగా వెతుక్కోలేదు. ‘ఇది ఇక్కడ అయ్యేది కాదు, పెద్ద దవాఖానకు పోవాలె’ అని డాక్టరు చెప్పినప్పుడు పల్లె రోగి ఎందుకు పోడు? ఎప్పుడు పోతాడు? ప్రభుత్వ వైద్యంలో పనిచేసినన్నాళ్లూ, ఆ తర్వాత సామాజిక వైద్యం పాఠాలు చెప్పినన్నాళ్లూ నన్ను వదలని ప్రశ్న ఇది. నా సమాధానం ముందే చెబుతాను. రోగి పోకపోవడాన్ని మనం చాలాకాలంగా అజ్ఞానం కింద జమకట్టాం. అది తప్పు. పంపే డాక్టరు రోగితో పాటు తన బాధ్యతను కూడా పంపినచోట జనం పోతున్నారు. చీటీ ఒక్కటే పంపినచోట ఆగిపోతున్నారు.

దగ్గరే ఉన్న దూరం

ముందు ఈ నేలను చూద్దాం. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం తెరుచుకుంది. సుమారు 5,500 ఎకరాలు దాని కిందికి పోయాయి. మరుసటి ఏడాది మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్లకు పైగా పొడవున్న పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ ఊళ్ల మధ్య నుంచే సాగింది. పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి ఉంది, ఉందానగర్ రైల్వే స్టేషన్ ఉంది. రోడ్ల విషయంలో ఇంత భాగ్యం దేశంలో ఎన్ని పల్లెలకు దక్కింది?

ఇదే విమానాశ్రయంలో ఆఫ్రికా దేశాల నుంచి, అరబ్బు దేశాల నుంచి రోగులు దిగుతారు. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల నుంచి వచ్చిన మనిషి పేరు రాసిన బోర్డు పట్టుకుని బయట నిలబడతాడు. చక్రాల కుర్చీ, కారు, దుబాసీ, గది అన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. సముద్రాలు దాటి వచ్చిన మనిషికి ఆ నగరంలో దారి తప్పే అవసరమే రాదు. అదే రన్‌వే ప్రహరీ గోడకు ఇవతల ఉన్న ఊరి మనిషికి ఉస్మానియా ఆసుపత్రి ఇరవై కిలోమీటర్ల లోపే. ఆరాంఘర్, బహదూర్‌పురా దాటితే అఫ్జల్‌గంజ్. అయినా ఆ మనిషి వారాల తరబడి బయల్దేరడు. ఈ రెండు దృశ్యాలకూ తేడా కిలోమీటర్లలో లేదు. అక్కడ తన కోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నాడా లేదా అన్నదే తేడా.

ఆమె అడిగిన నాలుగు ప్రశ్నలు

ఒక తల్లి సంగతి చెబుతాను. ఊరూ పేరూ అక్కర్లేదు. భూమి విమానాశ్రయానికి పోయింది. కొడుకు అదే విమానాశ్రయంలో కాంట్రాక్టరు కింద పని చేస్తున్నాడు. ఆమెకు షుగర్. చెప్పు కరిచిన చోట కాలి వేళ్ల దగ్గర పుండు పడింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చూసి, కట్టు కట్టించి, ఉస్మానియాకు చీటీ రాశారు. ఆ డాక్టరు తప్పేమీ చేయలేదు. చేయవలసిందే చేశారు.

నేను ఆ ఇంటికి వెళ్లేసరికి ఆ చీటీ ఆధార్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతల్లో భద్రంగా ఉంది. మడతల దగ్గర కాగితం అరిగిపోయింది. దాని మీద ఇంగ్లీషులో ఒక్క వాక్యం. తదుపరి చికిత్స నిమిత్తం ఓజీహెచ్‌కు, అంటే ఉస్మానియా జనరల్ ఆసుపత్రికి, పంపడమైనదని దాని అర్థం. ఎవరిని కలవాలో లేదు. ఏ గదికి వెళ్లాలో, ఏ రోజు వెళ్లాలో లేదు. రాసిన డాక్టరు ఫోన్ నంబరూ లేదు. ఆ కాగితాన్ని ఆమె చదవలేదు, ఇంట్లో ఎవరూ చదవలేదు. అయినా పారేయలేదు. పోవాలన్న ఉద్దేశం లేనివాళ్లు కాగితాన్ని అంత భద్రంగా దాచుకోరు.

ఎందుకు పోలేదమ్మా అంటే ఆమె నన్నే అడిగింది. “బస్సు ఫ్రీనే సార్, నాకెర్కనే. కొడుకు తోలుకపోతే వాని డ్యూటీ ఎవలు చేస్తరు? ఆడికి పోయినంక ఎవల్ని అడగాలె? ఉండుమంటే ఇంటి కాడ పిల్లల్ని ఎవలు చూస్తరు? కాలు తీసేస్తమంటే నేనేం జేయాలె?”

ఈ నాలుగు ప్రశ్నల్లో అజ్ఞానం ఎక్కడుంది? పరిశోధనల్లో రోగి ‘సుముఖత’ గురించి పుటలకు పుటలు రాస్తాం. ఆమె నాలుగు వాక్యాల్లో దాన్ని పూర్తిగా చెప్పేసింది. ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటిది, తోడు వచ్చేవాడి కూలి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. అదే రోజున ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచారు. రెండూ మంచి పనులే, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ ఆమె లెక్కలో టికెట్టూ లేదు, ఆపరేషన్ ఖర్చూ లేదు. కొడుకు పోగొట్టుకునే రోజు కూలి ఉంది, ఆ తర్వాత పోయే ఉద్యోగం ఉంది. ఈ నష్టాన్ని ప్రభుత్వాలు అసలు గుర్తించలేదని అనను. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా పథకం ఆపరేషన్ తర్వాత విశ్రాంతి తీసుకునే రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు ఐదు వేల దాకా ఇచ్చింది. మంచం పట్టిన మనిషికి ఇంట్లో జరుగుబాటు ఎలా అన్న ప్రశ్నను ఒక ప్రభుత్వం కాగితం మీద పెట్టడం చిన్న సంగతి కాదు. తోడు వెళ్లే మనిషి కూలి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

రెండోది, ఆడికి పోయినంక ఎవల్ని అడగాలె. 1908 మూసీ వరద తర్వాత ఈ నగరాన్ని మళ్లీ కట్టుకున్న కాలంలో, ఏడో నిజాం హయాంలో లేచిన ఆసుపత్రి ఉస్మానియా. లక్షలాది పేదలకు ప్రాణం పోసిన చోటు. 2020 జూలైలో వానకు ఆ పాత భవనం వార్డుల్లోకి నీళ్లు వచ్చాయి, రోగులను ఖాళీ చేయించి పక్క భవనాల్లో సర్దారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అది త్వరగా పూర్తి కావాలని మనందరం కోరుకుందాం. కానీ ఎంత కొత్త భవనమైనా, ఓపీ చీటీ ఏ కిటికీలో ఇస్తారో, రక్త పరీక్ష ఎక్కడో, రిపోర్టు ఎప్పుడు వస్తుందో తెలియని మనిషికి అది భయపెట్టే చోటే. ఆరోగ్యశ్రీలో ఆరోగ్య మిత్ర అనే ఉద్యోగిని పెట్టింది ఈ భయానికి మందుగానే. ఆ ఆలోచన ఆరోగ్యశ్రీ కార్డు దగ్గర ఆగిపోకుండా, పల్లె నుంచి చీటీతో వచ్చిన ప్రతి మనిషి దాకా రావాలి.

మూడోది, ఇంటి దగ్గర పిల్లలు. ఆడవాళ్ల రోగం ఇంట్లో అందరి అవసరాలూ తీరాక వరుసలోకి వస్తుంది. మగవాళ్ల చీటీలు త్వరగా కదులుతాయి, ఆడవాళ్లవి కవర్లలో అరుగుతాయి. ఊళ్లలో తిరిగే ఆశా కార్యకర్తలను అడగండి, ఇంతకంటే వివరంగా చెబుతారు.

నాలుగోది, కాలు తీసేస్తారన్న భయం. దీన్ని మూఢత్వం అనకండి. ఆలస్యంగా వెళ్లినవాళ్ల కాళ్లు నిజంగానే తీసేస్తారు. ఊరు చూసేది ఒక్కటే: నడిచి వెళ్లిన మనిషి కాలు లేకుండా వచ్చాడు. పుండు పడ్డ వారంలోనే వెళ్లి, కాలు దక్కించుకుని, మళ్లీ పొలానికి పోయిన మనిషి గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడుకోరు. భయం ఆలస్యాన్ని పెంచుతుంది, ఆలస్యం ఆ భయాన్నే నిజం చేస్తుంది. సర్కారు దవాఖానకు రానని మొండికేసే మనిషి మీద తెలంగాణలో పాటే పుట్టిందంటే, ఆ భయం ఎంతమంది గుండెల్లో ఉందో ఆలోచించండి.

ఆమె కాలు దక్కింది. ఎలా దక్కిందో తర్వాత చెబుతాను.

అదే జనం, అదే ఆసుపత్రి

ఇక్కడ మీరు ఒక మాట అడగవచ్చు. పల్లె జనం పెద్ద దవాఖాననే నమ్మరేమో, డాక్టరు చేసేదేముంది అని. అది నిజం కాదనడానికి మన కళ్ల ముందే రెండు రుజువులున్నాయి.

ఒకటి 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. రోడ్డు మీద ప్రమాదం జరిగినా, ఇంట్లో గుండె పట్టేసినా, ఏ చదువూ లేని ముసలమ్మ కూడా ఆ మూడంకెలు నొక్కమంటుంది. బండి వస్తుంది, మనిషిని ఎక్కించుకుంటుంది, లోపలున్న సిబ్బంది ఆసుపత్రిలో డాక్టరు చేతికి అప్పజెప్పి కదులుతారు. అక్కడ ఎవరిని అడగాలి అన్న ప్రశ్నే పుట్టదు. ఆ బండిలో ఎక్కేటప్పుడు ఉస్మానియాకు రానని పేచీ పెట్టినవాళ్లను నేను చాలా తక్కువగా చూశాను.

రెండోది కాన్పు. ఒక తరం కిందటి దాకా ఇంటి మూలలో మంత్రసాని చేతుల మీద జరిగిన కాన్పు ఇవాళ దాదాపు అంతా ఆసుపత్రికి వచ్చేసింది. 2005లో మొదలైన జననీ సురక్ష యోజనతో ఆశా కార్యకర్త గర్భిణికి తోడుగా నడిచింది. 102 బండి ఇంటి నుంచి తీసుకెళ్లి, బిడ్డతో సహా ఇంటి గుమ్మంలో దింపడం మొదలుపెట్టింది. 2017లో కేసీఆర్ కిట్టుతో డబ్బు, బట్టలు వచ్చాయి. ఈ ఊళ్ల కోడళ్లు పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికి వెళ్లిరావడం ఇప్పుడు మామూలు విషయం.

గమనించండి. అదే ఇల్లు. కోడలు కాన్పుకు పట్నం పోతుంది, అత్త షుగర్ పుండుతో ఇంట్లో కూర్చుంటుంది. అత్తకు తెలివి తక్కువా? కోడలికి ఎక్కువా? కోడలి వెంట ఆశా ఉంది, బండి ఉంది, తిరిగి వచ్చే దారి ఉంది. అత్త వెంట కాగితం ఒక్కటే ఉంది.

కమీషన్ అనే పుండు

తోడు లేకపోవడం ఒక సంగతి. ఇంకొకటి ఉంది, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. పంపేవాడి మాట మీద అనుమానం.

పల్లెలో ఇంటి డాక్టరు ఎవరు? మనం ఎంబీబీఎస్‌ను ఊహించుకుంటాం. జనం ‘మా డాక్టరు’ అనేది చాలాచోట్ల ఆర్‌ఎంపీని. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది ఆయన. అప్పు పెట్టి మందు ఇచ్చేది ఆయన. చట్టం దృష్టిలో ఆయన డాక్టరు కాడు, ఆ పేరు పెట్టుకునే హక్కు లేదు. స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌లు విచ్చలవిడిగా వాడి ప్రాణాల మీదికి తెచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఈ మాట నేను మెత్తగా చెప్పను. కానీ పెద్దాసుపత్రికి పోవాలా వద్దా అన్న నిర్ణయం చాలా ఇళ్లలో ఇప్పటికీ ఆయన మాట మీదే జరుగుతోంది.

ఆ మాటకు ధర కట్టిన ఆసుపత్రులున్నాయి. పంపిన ప్రతి రోగికీ కమీషన్ ముట్టజెప్పే పద్ధతి అందరికీ తెలుసు. అది ఆర్‌ఎంపీల దగ్గరే ఆగలేదు, పట్టా ఉన్న డాక్టర్లనూ అంటుకుంది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నియమాల్లో, రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ నిషిద్ధమని స్పష్టంగా ఉంది. నియమం ఉంది, దాన్ని పాటించే పట్టుదలే లేదు.

ఈ కమీషన్‌కు మూల్యం చెల్లించేది రోగి జేబు ఒక్కటే అనుకుంటే పొరపాటు. నిజాయితీగా పంపే డాక్టరు మాట కూడా దానితో చెల్లకుండా పోతుంది. “నీకెంతొస్తది సార్?” అని పల్లె మనిషి డాక్టరు ముఖం మీదే అడిగిన రోజు, ఆ ప్రశ్న అవమానంగా తోచవచ్చు. కానీ ఆ అనుమానం ఆయన పుట్టించుకున్నది కాదు, మన వృత్తి ఆయనకు నేర్పింది. కమీషన్ తీసుకున్న ప్రతి డాక్టరూ ఇంకొక ఊళ్లో ఇంకొక రోగి వెళ్లవలసిన ఆసుపత్రికి వెళ్లకపోవడానికి కారణమవుతున్నాడు. ఇది లంచం కంటే పెద్ద పాపం.

డాక్టర్ సాబ్ లావు పుస్తకం

డాక్టర్ సాబ్ బల్ల మీద మందుల చీటీల కట్ట పక్కన ఒక లావు పుస్తకం ఉండేది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిది, ఎర్ర గుడ్డ అంచు. తాను ఎక్కడికైనా పంపిన ప్రతి రోగినీ అందులో రాసేవారు. పేరు, ఊరు, ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్ల నంబరు, ఏ దవాఖానకు, ఏ డాక్టరుకు. చివర రెండు గళ్లు ఖాళీగా ఉంచేవారు. ఒకదానిలో ‘పోయిండు’ లేదా ‘పోలే’. రెండోదానిలో ‘వాపసు వచ్చిండు’. ఎర్ర సిరాతో ‘పోలే’ అని ఉన్నవాళ్ల సంగతి ఆ ఊరి నుంచి వచ్చిన వేరే రోగిని అడిగేవారు. “మీ వాడకట్టు సాయిలు పట్నం పోయిండా? పోకపోతే నన్ను కలువమను” అని కబురు పంపేవారు. (సాయిలు అనేది ఇక్కడ నేను పెట్టిన పేరు.)

ఆయన చీటీ రెండు భాషల్లో రాసేవారు. పైన డాక్టరు కోసం ఇంగ్లీషులో రోగం వివరం, కింద రోగి కోసం తెలుగులో దారి. అఫ్జల్‌గంజ్‌లో దిగు, ఫలానా గేటు, ఫలానా కిటికీ, పొద్దున ఎనిమిది లోపు పో, ఏమీ తినకుండా పో, పాత మందులు సంచిలో పెట్టుకో. రోగి ఎదుటే ఫోన్ తీసి అక్కడి తెలిసిన డాక్టరుతో మాట్లాడేవారు. రోగి వినాలనే అలా మాట్లాడేవారు. తన గురించి ఒక డాక్టరు ఇంకొక డాక్టరుకు చెబుతుంటే విన్న మనిషికి కాళ్లలో కొత్త బలం వస్తుంది.

అన్నిటికీ మించి ఆయన ఒక మాట చెప్పేవారు. “ఆడ ఏమన్నా సరే, వాపసు నా తానికి రా.” ఈ మాటలో ఎంత వైద్యముందో మనలో చాలామందికి తెలియదు. పెద్ద ఆసుపత్రికి పంపడమంటే వదిలించుకోవడమని రోగి భయపడతాడు. తిరిగి రమ్మన్న డాక్టరు మాట ఆ భయాన్ని తీసేస్తుంది. అక్కడ రాసిన మందులు అర్థమయ్యేలా చెప్పేదీ, కుట్లు విప్పేదీ, మళ్లీ షుగర్ చూసేదీ ఆయనే అన్న ధైర్యంతో మనిషి బస్సెక్కుతాడు.

పుండు పడ్డ ఆ తల్లి కాలు దక్కిందీ ఇలాగే. నేను ఆమెను డాక్టర్ సాబ్ దగ్గరికి పంపాను. ఆయన ఫోన్ చేశారు, చీటీ తిరగరాశారు. కొడుక్కి సెలవు దొరికే రోజు అడిగి, ఆ రోజే రమ్మని అక్కడ చెప్పించారు. ఊరి ఆశా మొదటి రోజు తోడు వెళ్లింది. ఆమెకు రెండు వేళ్లు పోయాయి, పాదం మిగిలింది. ఇంకాస్త ముందు వెళ్లి ఉంటే ఆ వేళ్లూ మిగిలేవి.

కిస్మత్‌పూర్ చెప్పే పాఠం

ఒక మంచి మనిషి చేసినది వ్యవస్థ చేయగలదా? చేయగలదు. రుజువు మనకు కూతవేటు దూరంలో, కిస్మత్‌పూర్‌లోనే ఉంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామీణ కంటి వైద్యానికి పెట్టిన కేంద్రం అక్కడిదే.

సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన విరాళంతో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు చేతుల మీద 1987లో ఆ సంస్థ మొదలైంది. తొలి గ్రామీణ కేంద్రం 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో తెరిచారు. 1990ల చివర ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు చేసిన పెద్ద సర్వే ఒక కఠిన సత్యం చెప్పింది. చూపు తగ్గిందని తెలిసి కూడా చాలామంది వైద్యానికి వెళ్లలేదు. ఎలాగో నెట్టుకొస్తున్నాం కదా అన్న మాట, డబ్బు, తోడు వచ్చేవాళ్లు లేకపోవడం ముఖ్య కారణాలు. అంటే ఆసుపత్రి కట్టగానే రోగి రాడని వాళ్లకు తెలిసొచ్చింది.

అప్పుడు వాళ్లు పని కింది నుంచి పేర్చుకుంటూ వచ్చారు. ఐదు వేల మందికి ఒక కంటి సంరక్షకుడు, యాభై వేల మందికి ఒక విజన్ సెంటర్, ఐదు లక్షల మందికి శస్త్రచికిత్స చేసే ఒక సెకండరీ కేంద్రం, ఆపైన పెద్ద ఆసుపత్రులు. విజన్ సెంటర్‌లో కూర్చునేది ఆ ప్రాంతం పిల్లలే, శిక్షణ పొందిన యువతీ యువకులు. మోతిబిందు ఉందని చెప్పేది మీ పక్క ఊరి పిల్ల. పంపేది తన సంస్థలోనే ఉన్న, తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి. ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి మళ్లీ ఆ పిల్ల దగ్గరికే. డబ్బు లేనివాళ్లకు ఉచితం, ఉన్నవాళ్లకు ఖర్చు. పంపినందుకు ఎవరికీ కమీషన్ లేదు. డాక్టర్ సాబ్ తన లావు పుస్తకంతో చేసినది, ఒక సంస్థ లక్షల మందికి చేసింది. కంటికి చేయగలిగింది కాలికి, గుండెకు, మూత్రపిండానికి ఎందుకు చేయలేం?

విధానం ఎక్కడ తప్పింది

మన దేశానికి దారి తెలియక కాదు. 1946లోనే భోర్ కమిటీ ఊరి దగ్గర ప్రాథమిక కేంద్రం, దానిపైన పెద్ద ఆసుపత్రి, ఆపైన జిల్లా ఆసుపత్రి అన్న అంచెల వ్యవస్థను గీసి ఇచ్చింది. 1978 ఆల్మా ఆటా ప్రకటన ప్రాథమిక వైద్యమే పునాది అంది. మనం మెట్లు కట్టాం. మెట్టుకూ మెట్టుకూ మధ్య చేయి అందించే మనిషిని పెట్టడం మరిచాం.

2007 ఏప్రిల్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్ పేదవాడికి అందింది, అది చారిత్రకమైన మేలు. కానీ దాని బలమంతా పై మెట్టు మీదే. ఊరి డాక్టరుకు అందులో గట్టి పాత్ర దక్కలేదు. థాయ్‌లాండ్ 2001లో ముప్పై బాత్‌ల పథకం తెచ్చినప్పుడు, ప్రతి మనిషినీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నమోదు చేసి, అక్కడి నుంచి వెళ్తే పై వైద్యం కూడా అందేలా కట్టింది. దానితో జిల్లా స్థాయి వైద్యానికి విలువ పెరిగింది. చైనా 2015లో అంచెల వైద్య విధానాన్ని ప్రకటించి, 2016లో కుటుంబ డాక్టర్లతో ఒప్పందాలు రాయించడం మొదలుపెట్టింది. సంతకాలు కోట్లలో జరిగాయి, అయినా జనం నేరుగా నగరాల పెద్ద ఆసుపత్రులకు వెళ్లడం ఆగలేదు. సంతకంతో నమ్మకం రాదని ఆ అనుభవం చెబుతోంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని లాంఛనంగా ప్రారంభించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు, ఒకరు కేంద్రంలో, ఒకరు 104 బండిలో ఊరి క్లినిక్‌కు, నెలకు రెండు సార్లు. ప్రభుత్వాలు మారుతుంటాయి, పథకాల పేర్లూ మారుతుంటాయి. ఆ ఆలోచనలోని సారం మాత్రం పోకూడదు: ఊరికి ఒకే డాక్టరు మళ్లీ మళ్లీ రావాలి. ముఖం తెలియని డాక్టరు రాసిన చీటీ కంటే, బిడ్డ జ్వరం తగ్గించిన డాక్టరు నోటిమాట బలమైనది. తెలంగాణలో 2018లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానలు, తర్వాత వచ్చిన పల్లె దవాఖానలు ఈ దారిలోనివే. అక్కడి డాక్టరు ఏడాదికొకసారి మారిపోతే మాత్రం ఆ దవాఖాన గోడలే మిగులుతాయి.

చేయవలసినవి

చివరగా, చేతిలో ఉన్నవే కొన్ని అడుగుతాను. వీటిలో చాలావాటికి కోట్ల రూపాయలు అక్కర్లేదు.

ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. ఉస్మానియా, గాంధీ, నిమ్స్, నీలోఫర్ వంటి ప్రతి పెద్ద ఆసుపత్రిలో ఊళ్ల నుంచి చీటీతో వచ్చినవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక కిటికీ, అక్కడ ఒక మనిషి, ఒక ఫోన్ నంబరు పెట్టండి. ఆ నంబరు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద ఉండాలి. రోగి ఇంటికి వెళ్లేటప్పుడు, ఏం చేశారో, ఇక ఏం చేయాలో పంపిన డాక్టరుకు తెలుగులో, ఇంగ్లీషులో తిరుగు చీటీ ఇవ్వండి. 108 తీసుకెళ్తుంది, తిరిగి దింపదు. గర్భిణికి ఉన్న తిరుగు బండి, కాలు కోల్పోయిన మనిషికి, డయాలసిస్ చేయించుకున్న మనిషికి కూడా ఉండాలి. గర్భిణికి తోడు వెళ్లిన ఆశాకు పారితోషికం ఇచ్చినట్టే, షుగర్ పుండుకు, రొమ్ము గడ్డకు, గుండె జబ్బుకు తోడు వెళ్లినా ఇవ్వండి. ఈ-సంజీవని వంటి దూర వైద్యాన్ని రోగి పక్కన తన డాక్టరు కూర్చుని ఉండగా వాడితే, పట్నం డాక్టరు ముఖం పట్నం పోకముందే పరిచయమవుతుంది.

ఆర్‌ఎంపీల విషయంలో కేసులు పెట్టి వదిలేయడం, చూసీ చూడనట్టు ఉండటం రెండూ ఫలితమివ్వలేదు. వైద్యం చేయకుండా వాళ్లను గట్టిగా ఆపాలి. ప్రమాద లక్షణాలు గుర్తించి, కమీషన్ లేకుండా, సరైన చోటికి పంపే పనిలో వాళ్లను జవాబుదారీగా పెట్టగలమేమో ఆలోచించాలి. కమీషన్ ఇచ్చే ఆసుపత్రుల మీద ప్రభుత్వం చర్య తీసుకోవాలి. ఇచ్చేవాడు ఆగితే తీసుకునేవాడు ఆగుతాడు.

నా తోటి డాక్టర్లను, ముఖ్యంగా ఇప్పుడే చదువు ముగించి పల్లెలకు వస్తున్న పిల్లలను అడుగుతున్నాను. రేపటి నుంచి ఒక పుస్తకం పెట్టండి. పంపిన ప్రతి రోగి పేరూ రాయండి. పోయాడో లేదో తెలుసుకోండి. చీటీ కింద నాలుగు మాటలు తెలుగులో రాయండి, మీ ఫోన్ నంబరు వేయండి. రోగి ఎదుటే అక్కడి డాక్టరుకు ఫోన్ చేయండి. వాపసు రమ్మనండి.

ఊళ్ల నుంచి వచ్చిన మీ అందరికీ ఒక మనవి. మీ ఇంట్లో కవరులో దాచిన చీటీ ఏదైనా ఉంటే, ఇవాళ ఇంటికి వెళ్లగానే బయటికి తీయండి. ముఖ్యంగా అది ఇంటి ఆడమనిషిదైతే, ఆమె అడిగే దాకా ఆగకండి. చదవడం రాకపోతే మీ ఊరి ఏఎన్‌ఎంకు చూపించండి. ఎవరి దగ్గరికి పోవాలో, ఎప్పుడు పోవాలో డాక్టరును నిలదీసి అడగండి. అది మీ హక్కు. తోడు ఎవరో ఈ రాత్రే తేల్చుకుని, ఈ వారంలోనే బయల్దేరండి.